తెట్టు రాకముందే సీసా నింపండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్ గార్లకు,

నమస్కారములతో రాయునది.

నేను మైపాడుకు దగ్గరలోని ఒక పట్టపుపాలెంలో పుట్టాను. మా నాన్న సముద్రంలో చేపల వేట చేసి నన్ను చదివించారు. ఆ చదువుతో ముప్పయ్యేళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరే గనుక, సముద్రం మీద చమురును అదుపు చేసే పని కోస్ట్ గార్డుదైనా అది ఒడ్డెక్కిన తరువాత చూసుకోవలసింది రాష్ట్ర యంత్రాంగమే గనుక, ఈ లేఖ మీ ఇద్దరికీ రాస్తున్నాను. కాలుష్య నియంత్రణ మండలికి, మత్స్యశాఖకు, రేవుల యాజమాన్యాలకు ప్రతులు పంపుతున్నాను. నేను అడిగేది ఒక్కటే. సముద్రంలో చమురో రసాయనమో ఒలికితే జరిగిన నష్టం ఎంతో తేల్చాలంటే, ఒలకకముందు మన నీరు, మన ఇసుక, మన ఆలిచిప్పలు ఎలా ఉండేవో చూపించే నమూనాలు చేతిలో ఉండాలి. వాటిని ఈ ఏడాదే తీయించి భద్రపరచండి. ప్రమాదం జరిగిన రోజున నమూనా ఎవరు తీయాలో, ఎక్కడికి పంపాలో ముందే ఉత్తర్వుగా రాసి పెట్టండి.

ఈ విన్నపం వెనుక ఒక అనుభవం ఉంది. కొన్నేళ్ల కిందట ఒక వేసవి తెల్లవారుజామున మా ఒడ్డు పొడుగునా తారు ఉండలు పడి ఉన్నాయి. ఉసిరికాయంత నుంచి అరచేయంత వరకు రకరకాలుగా ఉన్నాయి. ఎండెక్కేసరికి అవి మెత్తబడి పిల్లల కాళ్లకు అంటుకున్నాయి. ఆడవాళ్లు కిరసనాయిలు గుడ్డతో తుడిచి కడిగారు. మా తమ్ముడి కొడుకు వాటిలో కొన్ని ఏరి తాగునీటి ప్లాస్టిక్ సీసాలో వేసి ఇస్తే, మర్నాడు నేను దాన్ని పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు. ఇవి ఏ గంటకు తీశారు, ఎవరి సమక్షంలో తీశారు, ఏ చోట తీశారు, ప్లాస్టిక్ సీసాలో ఎందుకు వేశారు అని అడిగారు. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నా సరైనదే. ఒక్కదానికీ మా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లు ప్రయోగశాలలో గడిపిన నాకే తట్టని జాగ్రత్తలు పద్దెనిమిదేళ్ల కుర్రాడికి తెలుస్తాయని ఎలా అనుకుంటాం? ఆ సీసా ఏ మూలన పడిందో తెలియదు. పది రోజుల్లో అలలు ఉండల మీద ఇసుక కప్పేశాయి. ఆ నెలంతా మా పాలెం తట్టలు నెల్లూరు మార్కెట్‌లో సగం ధరకు కూడా పోలేదు, చేప కిరసనాయిలు వాసన వేస్తోందని ఎవరో అన్నారట. వాసన వేసిందో లేదో నేటికీ నాకు తెలియదు; చూసినవాళ్లు, కొలిచినవాళ్లు ఎవరూ లేరు. ఏ ఓడ వదిలిన చమురో తేలలేదు, నష్టపోయినవారికి పైసా రాలేదు.

అది చిన్న సంఘటన. పెద్దది ఎలా ఉంటుందో మనకు పక్కనే చూశాం. 2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై పక్కనున్న ఎన్నూరు రేవు బయట బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే రెండు ఓడలు ఢీకొన్నాయి. చమురు కారలేదన్న మాట మొదట వినిపించింది. కొద్ది రోజులకే నల్లటి చమురు తెట్టు చెన్నై మెరీనా దాకా పరుచుకుంది, జనం దాన్ని బక్కెట్లతో ఎత్తిపోయడం దేశమంతా చూసింది. పులికాట్ సరస్సు దక్షిణపు మొగ (సముద్రంలో కలిసే చోటు) దాటి కాస్త దిగితే ఎన్నూరే. ఆ రోజుల్లో గాలి, నీరు కలిసి తెట్టును దక్షిణానికి నెట్టాయి గనుక మనం తప్పించుకున్నాం. మన తీరం వెంబడి ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా దిశ మార్చుకుని దక్షిణం నుంచి ఉత్తరానికి, అంటే ఎన్నూరు వైపు నుంచి తూపిలిపాలెం, కృష్ణపట్నం, మైపాడు, జువ్వలదిన్నె, రామాయపట్నం మీదుగా కొత్తపట్నం వైపు సాగుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో దాని వేగం ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం గనుక మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. తెట్టు మన మీదికి వచ్చే అవకాశం ఉన్న రోజుల్లో మూడో వంతుకు పైగా దాన్ని సముద్రంలోనే చూసి కబురు చెప్పే మనుషులు బాగా తక్కువ. ఈ సంగతి ప్రణాళికలో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు చెన్నైని ముంచెత్తినప్పుడు, మణలి పారిశ్రామిక ప్రాంతంలోని చమురు వరద నీటితో కలిసి బకింగ్‌హాం కాలువ గుండా ఎన్నూరు క్రీకులోకి చేరింది. అక్కడి జాలర్ల పడవలు, వలలు నల్లబడిపోయాయి. ఆ ప్రమాదానికి ఓడే అక్కర్లేకపోయింది. అదే కాలువ మన జిల్లాల పొడుగునా ఉంది, దాని పక్కనే రొయ్యల చెరువులు ఉన్నాయి, సముద్రపు నీటిని నేరుగా తోడుకుని రొయ్య పిల్లలను పెంచే హేచరీలు ఉన్నాయి.

నమూనా విషయంలో ఇంత తొందర ఎందుకో కొంచెం వివరించాలి. చమురు నీళ్ల మీద పడ్డ క్షణం నుంచే మారిపోతూ ఉంటుంది. తేలిక భాగాలు మొదటి ఒకటి రెండు రోజుల్లో ఆవిరైపోతాయి. మిగిలింది అలల తాకిడికి నీటిని కలుపుకుని, మూడు నాలుగు రెట్లు ఉబ్బి, గోధుమరంగు ముద్దగా మారుతుంది. తరువాత గట్టిపడి తారు ఉండలవుతుంది. కొంత భాగం బురదకు అంటుకుని అడుగుకు దిగి కంటికి కనిపించకుండా పోతుంది. ఇంత మార్పులోనూ హోపేన్లు, స్టెరేన్లు అనే పదార్థాలు మాత్రం అంత సులువుగా చెడిపోవు. కోట్ల ఏళ్ల నాటి బాక్టీరియా, నాచు జాతుల శరీరాల నుంచి ముడిచమురులో మిగిలిన ఆనవాళ్లు అవి. వాటి పాళ్లు ఒక్కో చమురులో ఒక్కో విధంగా ఉంటాయి. ఒడ్డున దొరికిన ఉండను, అనుమానం ఉన్న ఓడ ట్యాంకులోని చమురును అందులోని పదార్థాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షకు పెట్టి పోలిస్తే, వేలిముద్రలు సరిచూసినట్లు, ఇది ఆ ఓడదో కాదో చెప్పవచ్చు. అయితే ఆ రెండు నమూనాలూ సరిగ్గా తీసినవై ఉండాలి. ద్రావకంతో కడిగిన గోధుమరంగు గాజు సీసా కావాలి. ప్లాస్టిక్ తగిలితే దానిలోని పదార్థాలు కలిసి ఫలితం పాడవుతుంది. చల్లగా, చీకట్లో ఉంచాలి. చేపనూ చిప్పనూ అల్యూమినియం రేకులో చుట్టి గడ్డకట్టించాలి. తీసిన చోటు, తేదీ, గంట, తీసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు, సీలు, చేతులు మారిన ప్రతిసారీ మరో సంతకం ఉండాలి. పంచనామా లేని నమూనా కోర్టులో నిలవదు. మా తమ్ముడి కొడుకు సీసాకు పట్టిన గతి మరే నమూనాకూ పట్టకూడదు.

ఇక తెట్టు రాకముందు తీసే నమూనా మాట. ఎన్ని చెప్పినా చివరికి అన్నీ దీని మీదే ఆధారపడతాయి. తెట్టు వచ్చిన తరువాత కృష్ణపట్నం పక్కనున్న కండలేరు క్రీకు బురదలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఇంత ఉన్నాయని ఏ ప్రయోగశాలైనా చెప్పగలదు. చమురులోనూ మసిలోనూ ఉండే ఈ హైడ్రోకార్బన్లలో కొన్ని క్యాన్సర్ కారకాలు. కానీ అవి నిన్న వచ్చినవా, పదేళ్లుగా పడవ ఇంజన్ల నూనె, రేవు కార్యకలాపాలు, బొగ్గు మసి కలిసి పేర్చినవా? ఆ ప్రశ్న ఓడ తరఫు న్యాయవాది తప్పకుండా అడుగుతాడు. నిరుటి బురద మన ఫ్రీజరులో ఉంటే దానికి జవాబు ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ జవాబు మనకే కావాలి. తెట్టుతో సంబంధం లేని పాత కాలుష్యం బయటపడితే అది కూడా తెలుసుకోవలసిందే.

చేపను ఒక్కదాన్నే పరీక్షించి అంతా బాగుందని ప్రకటించే అలవాటు మానుకోవాలని ఒక జంతుశాస్త్రం మాస్టారుగా నేను ప్రత్యేకంగా కోరుతున్నాను. చేప కాలేయంలో ఉన్న ఎంజైములు ఈ హైడ్రోకార్బన్లను విడగొట్టి పిత్తంలోకి పంపేస్తాయి; అందువల్ల మాంసం శుభ్రంగా కనిపించినా ఆ చేప చమురులో తిరిగిందా లేదా అన్నది పిత్తం చెబుతుంది. ఆలిచిప్పకు ఆ శక్తి చాలా తక్కువ. కదలకుండా ఒకచోట ఉండి, పగలూ రాత్రీ నీటిని వడగడుతూ, నీటిలో ఉన్నదంతా తన ఒంట్లో పోగుచేసుకుంటుంది. అందుకే అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 1975లోనే తీరం ఆరోగ్యాన్ని చిప్పల ద్వారా కనిపెట్టాలని ప్రతిపాదించారు, ఆ దేశంలో 1986 నుంచి అదొక జాతీయ కార్యక్రమంగా నడిచింది. మన ఉప్పుటేరుల్లో, పులికాట్‌లో చిప్పలకు కొదవ లేదు. బురదలో బతికే చిన్న ప్రాణులను కూడా లెక్కపెట్టాలి. 1978లో ఫ్రాన్స్ తీరంలో ఆమోకో కాడిజ్ ట్యాంకరు విరిగి రెండు లక్షల ఇరవై వేల టన్నులకు పైగా ముడిచమురు పోయినప్పుడు, ఇసుక అడుగున ఉండే ఆంఫిపాడ్లనే చిన్న రొయ్యలాంటి జీవులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అవి తిరిగి కోలుకోవడానికి పదేళ్లకు మించి పట్టింది. ఆ జీవులను తిని బతికే చేపలను నమ్ముకున్నవాడికి తెట్టు తొలగిన రోజుతో కష్టం తీరలేదు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఒలకబోసిన చమురు ఇరవై ఏళ్లు దాటిన తరువాత కూడా ఒడ్డు రాళ్ల కింద దొరికింది. కాబట్టి పర్యవేక్షణ అంటే వారం రోజుల హడావిడి కాదని, ఏళ్ల తరబడి అవే చోట్ల, అవే నెలల్లో, అదే పద్ధతిలో కొలవడమని ప్రణాళికలో రాయించండి.

రసాయనాలు మరింత కష్టం. కొన్ని ఆవిరవుతాయి, కొన్ని తేలుతాయి, కొన్ని కరుగుతాయి, కొన్ని మునుగుతాయి. కరిగిపోయేదాన్ని హెలికాప్టరు నుంచి చూడలేం. గంటల్లో నీరు తీసి కొలిస్తేనే దొరుకుతుంది. 2021 మే నెలలో కొలంబో దగ్గర తగలబడి జూన్‌లో మునిగిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడలో 25 టన్నుల నత్రికామ్లం, సుమారు 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలు ఉన్నాయి. ఆ గుళికలు శ్రీలంక ఒడ్డున మోకాలి లోతు పేరుకున్న చోట్లున్నాయి. 2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన ఎంఎస్‌సి ఎల్సా 3లో 640 కంటైనర్లు ఉన్నాయి, వాటిలో 12 కంటైనర్లలో నీరు తగిలితే ఎసిటిలీన్ వాయువు వదిలే కాల్షియం కార్బైడ్ ఉంది. ఇలాంటప్పుడు ఏం కొలవాలో తెలియాలంటే ముందు ఓడలో ఏముందో తెలియాలి. సరుకుల జాబితా మొదటి గంటల్లోనే కలెక్టరు చేతికి అందాలి, ఆ నియమం రేవులతో ముందే కుదుర్చుకోవాలి.

కృష్ణపట్నం విషయంలో ఇంకో మాట. అక్కడికి వంట నూనెల ఓడలు వస్తాయి, చుట్టుపక్కల నూనె శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి. తినే నూనెతో ప్రమాదమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. 1991లో వేల్స్ తీరంలో కిమ్యా అనే ఓడ నుంచి పొద్దుతిరుగుడు నూనె పోయినప్పుడు అక్కడి ఆల్చిప్పలు చచ్చిపోయాయి, నూనె ఇసుకతో కలిసి సిమెంటు గడ్డల్లా బిగుసుకుంది. 2017 ఆగస్టులో హాంకాంగ్ దగ్గర ఓడలు ఢీకొని పామాయిల్ నుంచి తీసే పామ్ స్టియరిన్ సుమారు వెయ్యి టన్నులు సముద్రంలో పడితే, తెల్లటి గడ్డలు కొట్టుకొచ్చి బీచ్‌లు మూసేశారు. మన పర్యవేక్షణ జాబితాలో ముడిచమురు, ఫర్నేస్ ఆయిల్‌తో పాటు పామాయిల్ కూడా ఉండాలి.

వేట ఆపడం, తిరిగి తెరవడం గురించి మా పాలెంలో అందరూ అడిగే ప్రశ్న ఇది: ఆపమంటారు సరే, మళ్లీ ఎప్పుడు పొమ్మంటారు? ఎల్సా 3 మునిగినప్పుడు దాని చుట్టూ 20 నాటికల్ మైళ్ల మేర వేట ఆపించారు. 1996 ఫిబ్రవరిలో వేల్స్‌లో సీ ఎంప్రెస్ ట్యాంకరు నుంచి 72,000 టన్నుల ముడిచమురు పోయినప్పుడు అక్కడా ఆపారు; కానీ తెరిచిన తీరు వేరు. ఒక్కో జాతిని విడివిడిగా పరీక్షించి, శుభ్రమని తేలిన జాతికి ముందుగా అనుమతి ఇచ్చారు. చేపలకు కొన్ని నెలల్లోనే అనుమతి వచ్చింది, చిప్పలకు 1997 దాకా పట్టింది. పరీక్షా ఫలితాలే తలుపు తీశాయి గనుక కొనేవాడు నమ్మాడు. నాయకులు కెమెరాల ముందు చేప తిని చూపించడం వల్ల ఆ నమ్మకం రాదు. వంజరానికి ఇంత, కవళ్లకు ఇంత, పీతకు ఇంత అని ఫలితాలు తెలుగులో రాసి ప్రతి తీర గ్రామ సచివాలయం బోర్డు మీద, నెల్లూరు, ఒంగోలు చేపల మార్కెట్లలో అంటిస్తే, తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లే మా అక్కచెల్లెళ్లకు ఆ కాగితమే అండ.

నష్టపరిహారం సంగతీ ఇక్కడే ముడిపడి ఉంది. భారతదేశం 1992 నాటి అంతర్జాతీయ చమురు కాలుష్య పరిహార నిధిలో సభ్యదేశం. ట్యాంకరు నుంచి చమురు పోతే మత్స్యకారుల ఆదాయ నష్టానికి, సముచితమైన పర్యావరణ అధ్యయనాల ఖర్చుకు కూడా దాని నుంచి అడగవచ్చు. ఇతర ఓడల ఇంధన చమురుకు బంకర్ ఒడంబడిక అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది. ట్యాంకరు విషయంలో నష్టం జరిగిన మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లకపోతే హక్కు పోతుంది. అడిగేవాడు ఆధారం చూపాలి. ఎల్సా 3 విషయంలో కేరళ ప్రభుత్వం హైకోర్టులో 9,531 కోట్ల రూపాయల దావా వేసింది. రేపు మన రాష్ట్రం దావా వేయవలసి వస్తే, మునుపటి మూడేళ్ల వేట లెక్కలు ఏవి, మునుపటి నీటి లెక్కలు ఏవి అని అడుగుతారు. మా పాలెంలో వేట లెక్క ఆడవాళ్ల నోట ఉంటుంది, వడ్డీ వ్యాపారి పుస్తకంలో ఉంటుంది. దాన్ని నెలకొకసారి రాసుకునే ఏర్పాటు మత్స్యశాఖ చేయాలి.

ఇందుకు కావలసిన మనుషులు మన దగ్గరే ఉన్నారు. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది. కృష్ణపట్నంలో కోస్ట్ గార్డు స్టేషను ఉంది. తెట్టు ఏ దిక్కుకు పోతుందో లెక్కకట్టి చెప్పే సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ హైదరాబాదులో ఉంది, తీర జలాల నాణ్యతను చూసే జాతీయ తీర పరిశోధన కేంద్రం చెన్నైలో ఉంది. సచివాలయాల్లో గ్రామ మత్స్య సహాయకులు ఉన్నారు. వీరందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే అధికారం మీది. బ్రిటన్ తన అనుభవాల నుంచి ఇటువంటి పనికి ప్రీమియం (PREMIAM) అనే పేరుతో 2011లో మార్గదర్శకాలు ప్రచురించింది. ఎవరు సమన్వయం చేయాలి, ఏ నమూనా ఎలా తీయాలి, ఏ ప్రయోగశాల పరీక్షించాలి అన్నవి ప్రమాదానికి ముందే ఒప్పుకుని ఉండటం దాని సారం. మనం కొత్తగా కనిపెట్టవలసింది పెద్దగా లేదు.

నా ప్రతిపాదన ఇది. తూపిలిపాలెం, కండలేరు మొగ, కొత్తకోడూరు, మైపాడు, ఇస్కపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం, ఈ పది చోట్ల ఏడాదికి రెండుసార్లు, ప్రవాహం ఉత్తరానికి పోయే కాలంలో ఒకసారి, దక్షిణానికి పోయే కాలంలో ఒకసారి, నీరు, బురద, చిప్పలు తీయాలి. తూపిలిపాలెం ఏ జిల్లా కింద ఉందన్నది ఈ పనికి అడ్డు కారాదు. తీసిన దానిలో సగం పరీక్షకు పంపి, సగం సీలు వేసి ముత్తుకూరులో గడ్డకట్టించి ఉంచాలి, కరెంటు పోయినా ఆగని ఫ్రీజరులో. ప్రతి తీర సచివాలయంలో ఒక పెట్టె ఉండాలి: గాజు సీసాలు, రేకు, చేతి తొడుగులు, సీళ్లు, అచ్చు వేసిన పంచనామా కాగితాలు. మత్స్య సహాయకుడికి, పాలెం నుంచి ఇద్దరికి ఒక పూట శిక్షణ ఇస్తే చాలు. ఆ శిక్షణ ఎవరు కోరినా నేను ఉచితంగా ఇస్తాను.

మొదటి విడత నమూనాలు తీయడాన్ని వేట నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15 దాటనివ్వకండి. అప్పటిదాకా పడవలు తిరుగుతుంటాయి గనుక ఒడ్డుకు దూరంగా నీరు తీయడం సులువు, ఆ తరువాత అద్దె పడవ వెతుక్కోవాలి. మైపాడు ఒడ్డున పాటు వేళ (నీరు వెనక్కి తగ్గినప్పుడు) ఇసుకలో చిప్పలు ఎక్కడ దొరుకుతాయో మా పాలెం ఆడవాళ్లకు తెలుసు. మీ సిబ్బంది ఏ రోజు వస్తారో ఒక రోజు ముందు కబురు పెడితే వాళ్లు వెంట వచ్చి చూపిస్తామన్నారు.

ఇట్లు
భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
నెల్లూరు జిల్లా తీర గ్రామం